మూల కత్తిరించిన పాస్‌పోర్టు

"ఆ మూల కత్తిరించేసిన పుస్తకమా? అది పాత పేపర్లకి వేసేశానమ్మా. ఇంక పనికిరాదని నువ్వేగా అన్నావు" అన్నారు నాన్న ఫోనులో, ఏదో పాత కరెంటు బిల్లు గురించి చెప్తున్నట్టు, చాలా మామూలుగా. 2022 మే నెల చివర్లో మాట ఇది. మాకు మిస్సిసాగాలో రాత్రి పదకొండు, వాళ్ళకి తెనాలిలో పొద్దున్న ఎనిమిదిన్నర. నేను లాప్‌టాప్ ముందు కూర్చుని కెనడా సిటిజన్‌షిప్ అప్లికేషన్ నింపుతూ, పాత పాస్‌పోర్టులో ముద్రలున్న పేజీలు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టమని అడగడానికి ఫోన్ చేశాను. ఐదు నిమిషాల పని అనుకున్నాను. అది తెమలడానికి నాలుగు నెలలు పట్టింది.

తప్పు నాన్నది కాదు. నాదే. నా పాత పాస్‌పోర్టు 2012లో తీసుకున్నది, 2022 మార్చితో గడువు అయిపోతుంది కాబట్టి, 2021 నవంబరులో ఇంటికి వెళ్ళినప్పుడు విజయవాడ పాస్‌పోర్టు సేవా కేంద్రంలో రీఇష్యూకి ఇచ్చాను. కౌంటర్లో పాతదాని మీద రద్దయినట్టు ముద్ర కొట్టి, మూల కత్తిరించి, అక్కడికక్కడే చేతికిచ్చేశారు. కొత్తది స్పీడ్ పోస్టులో ఇంటికొచ్చింది. తిరిగి కెనడా రావడానికి కావాల్సింది కొత్త పాస్‌పోర్టు, పీఆర్ (శాశ్వత నివాస) కార్డు. పాతదానిలో ఉన్న ఇమిగ్రెంట్ వీసా 2018లోనే వాడేసింది, ఇంక దాంతో పనేముంది? సూట్‌కేసులో ఆవకాయ జాడీ పక్కన ఎక్కడో పెట్టి, మళ్ళీ తీసి, బరువేమీ కాకపోయినా ఎందుకో టీవీ కింద సొరుగులో పడేసి వచ్చాను. "ఇదేంటమ్మా" అని నాన్న అడిగితే "పాతది నాన్నా, పనికిరాదు" అన్న మాట నాదే. సంక్రాంతికి ఇల్లు సర్దినప్పుడు అది పేపర్లతో పాటు కాటా ఎక్కింది.

పాపం నాన్న ఆ మధ్యాహ్నమే స్కూటరు వేసుకుని పాత పేపర్ల కొట్టుకి వెళ్ళారట. అక్కడి అబ్బాయి నవ్వి, జనవరి సరుకు ఎప్పుడో లారీ ఎక్కిందండీ అన్నాడట.

సరే, క్యాన్సిల్ అయిన పాస్‌పోర్టు పోతే ఏమైంది, దానికి ఇంత గొడవ ఎందుకు అనుకునేవాళ్ళ కోసం కెనడా లెక్క కొంచెం చెప్పాలి. 2017 అక్టోబరు 11 నుంచి ఉన్న రూలు ప్రకారం, అప్లికేషన్ మీద సంతకం పెట్టిన తేదీకి ముందు ఐదేళ్ళలో కనీసం 1,095 రోజులు మనిషి కెనడా నేల మీద ఉండాలి. ఇల్లు ఇక్కడ ఉంది, ఉద్యోగం ఇక్కడ ఉంది, టాక్సులు ఇక్కడే కట్టాను అంటే కుదరదు, ఒంటితో సహా ఇక్కడ ఉండాలి. పీఆర్ రాకముందు స్టూడెంటుగానో వర్క్ పర్మిట్ మీదో ఉన్న రోజులకి సగం లెక్క, అదీ 365 రోజుల వరకే. నేను నేరుగా పీఆర్ మీదే 2018 డిసెంబరు 12న దిగాను కాబట్టి నాకు ఆ సగాల గొడవ లేదు. బయటికి వెళ్ళిన ప్రతి ప్రయాణం, పొద్దున్న సరిహద్దు అవతల అమెరికాలోని బఫెలో వెళ్ళి సాయంత్రానికి వచ్చేసినది కూడా, ఆన్‌లైన్ క్యాలిక్యులేటర్‌లో తేదీలతో ఎక్కించాలి. వెళ్ళిన రోజు, వచ్చిన రోజు రెండూ కెనడాలో ఉన్నట్టే లెక్క, మధ్యలోవి మాత్రమే పోతాయి. 1,094 రోజులున్నాయి, ఒక్కటే తక్కువ, కాస్త చూడండి అంటే చూసే వీల్లేదు. అప్లికేషన్ తిరస్కరిస్తారు. అప్పట్లో పెద్దవాళ్ళకి ఫీజు 630 డాలర్లు, తిరస్కరిస్తే అందులో 100 వెనక్కి వస్తుంది, మిగతా 530 పోతుంది, మళ్ళీ మొదటి నుంచి క్యూ.

ఆ తేదీలు పక్కాగా ఉండేది పాస్‌పోర్టులోనే. ఇక్కడ చాలామందికి తెలియని తిరకాసు ఒకటుంది. టొరంటో పియర్సన్‌లో దిగినప్పుడు మనలాంటి పీఆర్ వాళ్ళకి ముద్ర పడటం అరుదు, కియోస్క్ ముందు నిలబడితే ఒక ఫొటో తీసి చీటీ ఇస్తుంది, అది బయటికొచ్చేలోపే తీసేసుకుంటారు. వెళ్ళేటప్పుడైతే కెనడా వైపు ముద్ర అనేదే లేదు. కానీ శంషాబాద్‌లో? దిగితే ముద్ర, ఎక్కితే ముద్ర, తేదీతో సహా. అంటే నేను కెనడాలో ఎన్ని రోజులు ఉన్నానో చెప్పే గట్టి సాక్ష్యం ఇండియా ఇమిగ్రేషన్ వాళ్ళు కొట్టిన ముద్రలు. అవన్నీ ఆ పాత పుస్తకంలో ఉన్నాయి. కొత్త పాస్‌పోర్టులో నాకున్నది ఒకే ఒక్క ముద్ర, 2022 జనవరి 9 తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి వెళ్ళిపోయినట్టు.

పోనీ టికెట్లు ఉంటాయిగా, ఈమెయిల్ వెతుక్కోవచ్చుగా అని మా ఆయన అన్నారు. వెతికాను. అక్కడే అసలు కథ మొదలైంది.

నా ప్రయాణాలు మూడే మూడు. 2019 క్రిస్మస్‌కి కారులో న్యూజెర్సీ, మా పెద్దమ్మ కొడుకు దగ్గరికి. 2020లో చెల్లి పెళ్ళికి తెనాలి. 2021 చివర మళ్ళీ తెనాలి, పాస్‌పోర్టు మార్చుకున్నది అప్పుడే. మొదటిదీ మూడోదీ తేలిగ్గానే తేలాయి. రెండోదే పీకల మీదికి తెచ్చింది, ఎందుకంటే అది 2020. వెళ్ళింది నెల రోజుల సెలవు మీద. మార్చి చివర్లో తిరుగు ప్రయాణం. మార్చి 22 నుంచి ఇండియా అంతర్జాతీయ విమానాలు ఆపేసింది. ఏప్రిల్‌కి టికెట్ మార్చారు, అదీ రద్దు. మే నెలకి మార్చారు, అదీ రద్దు. జూన్‌లో ఒకటి నేనే భయపడి మానుకున్నాను. చివరికి జులైలో, ఇరుక్కుపోయినవాళ్ళ కోసం గవర్నమెంటు నడిపిన వందే భారత్ విమానాల్లో సీటు దొరికితే, హైదరాబాద్ నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి టొరంటో, ముఖానికి మాస్కూ షీల్డూ తగిలించుకుని, వచ్చాక పద్నాలుగు రోజులు క్వారంటైన్. నా ఈమెయిల్‌లో ఆ ఒక్క ప్రయాణానికి ఐదు టికెట్లున్నాయి, అందులో నేను ఎక్కింది ఒక్కటి. టికెట్ ఉన్నంత మాత్రాన ప్రయాణం చేసినట్టు కాదని, ఆఫీసరుకి కాదు, ముందు నాకే అర్థమైంది.

వచ్చిన తేదీ బాగానే గుర్తుంది, జులై 11, క్వారంటైన్ రోజులు గోడ మీద కొట్టుకుంటూ లెక్కపెట్టాను కాబట్టి. వెళ్ళిన తేదీకి ఈమెయిల్‌లో ఉన్నది 2020 ఫిబ్రవరి 21 టికెట్. అది మహాశివరాత్రి. ఆ రోజు ప్రయాణం పెట్టుకున్నానని, ఉపవాసం ఉండి విమానంలో ఏం తింటావే అని అమ్మ ఫోనులో సాధించడం కూడా గుర్తుంది. ఇంకేం కావాలి, తేదీ దొరికింది అనుకుని క్యాలిక్యులేటర్‌లో వేసేశాను. న్యూజెర్సీ 3 రోజులు, పెళ్ళి ప్రయాణం 140, చివరిది 49, మొత్తం 192 రోజులు బయట. జూన్ 22న సంతకం పెడితే నా లెక్క 1,096. ఒక రోజు ఎక్కువే ఉంది, చాల్లే, ఇంకా ఆగడం ఎందుకు అని సిద్ధమైపోయాను.

ఆ వారాంతం చెల్లితో మాట్లాడుతూ, పాస్‌పోర్టు సంగతి చెప్పి, "శివరాత్రి రోజు బయల్దేరానుగా" అన్నాను. అది వెంటనే "అదేంటక్కా, శివరాత్రికి నువ్వు కోటప్పకొండలో ఉన్నావుగా మాతో!" అంది. నేను కాదన్నాను. అది ఫోను వెతికి ఫొటో పంపింది. వెనకాల కరెంటు దీపాల ప్రభ, జనం, ముందు నిద్ర మొహంతో నేను, చేతిలో చెరుకుగడ. ఫొటో తేదీ 21-02-2020.

అప్పుడు గుర్తొచ్చింది. నిశ్చితార్థం మొదట అనుకున్న తేదీకి ముహూర్తం కుదరక ముందుకు జరిపారు. ట్రావెల్ ఏజెంటుకి ఫోన్ చేసి టికెట్ మూడు రోజులు ముందుకు మార్పించుకున్నాను. మార్చిన టికెట్ ఆయన వాట్సాప్‌లో పంపాడు, ఈమెయిల్‌లో పాతదే మిగిలిపోయింది. అంటే నేను టొరంటోలో విమానం ఎక్కింది ఫిబ్రవరి 18 రాత్రి, శంషాబాద్‌లో దిగింది 20 తెల్లవారుజామున, మర్నాడు కోటప్పకొండ. బయట ఉన్నది 140 కాదు, 143. మొత్తం 195. జూన్ 22న సంతకం పెట్టి ఉంటే నా అసలు లెక్క 1,093.

రెండు రోజులు తక్కువ! ఆ రాత్రి నాకు నిద్ర లేదు. పాస్‌పోర్టు చేతిలో ఉంటే ముద్ర చూసి 20-02-2020 అని చదువుకునేదాన్ని, ఐదు సెకన్ల పని.

అక్కడితో నా జ్ఞాపకం మీద నాకు నమ్మకం పోయింది. ఇక గవర్నమెంటు దగ్గర నా గురించి ఏముందో అది తెప్పించుకోవాలనుకున్నాను. కెనడా సరిహద్దు సంస్థ సీబీఎస్ఏ దగ్గర మన ప్రయాణాల చిట్టా ఉంటుంది, ట్రావెలర్ హిస్టరీ రిపోర్ట్ అంటారు. ప్రైవసీ చట్టం కింద ఎవరి రికార్డు వాళ్ళు అడిగితే రుసుము లేదు, ఆన్‌లైన్‌లోనే అడగొచ్చు. పాస్‌పోర్టు నంబర్లు అడుగుతారు, పాతవి కూడా. పోయిన పాస్‌పోర్టు నంబరు నాకెలా తెలుస్తుందిరా దేవుడా అని కాసేపు తల పట్టుకున్నాను కానీ, అది నా చేతిలోనే ఉంది. మన ఇండియన్ పాస్‌పోర్టు రీఇష్యూ అయినప్పుడు చివరి పేజీలో, తల్లిదండ్రుల పేర్లూ చిరునామా కింద, పాత పాస్‌పోర్టు నంబరు, ఇచ్చిన తేదీ, ఊరు అచ్చవుతాయి. చాలామంది ఆ పేజీ సరిగ్గా చూసి ఉండరు. పీఆర్ మీద కెనడాలో దిగినప్పటి ల్యాండింగ్ పేపర్ మీద కూడా ఆ నంబరు ఉంటుంది.

నెలలోపే రిపోర్టు వచ్చింది. 2018 డిసెంబరు 12 దిగినట్టు ఉంది. 2019 డిసెంబరు 24న అమెరికా వైపు దాటినట్టు, 28న తిరిగొచ్చినట్టు ఉంది. 2020 జులై 11 దిగినట్టు ఉంది. 2021 నవంబరు 20 వెళ్ళినట్టు, 2022 జనవరి 9 వచ్చినట్టు ఉంది. ఒక్కటే లేదు. ఏది లేదో మీరు ఊహించే ఉంటారు. కెనడా లోపలికి వచ్చేవాళ్ళ లెక్క ఎప్పటి నుంచో రాసుకుంటున్నారు కానీ, బయటికి వెళ్ళేవాళ్ళ లెక్క పూర్తిగా రాయడం రోడ్డు సరిహద్దులో 2019 జులై నుంచి, విమానాల్లో 2020 జూన్ 25 నుంచి మొదలైంది. నేను వెళ్ళింది 2020 ఫిబ్రవరి. నాలుగు నెలల తేడాతో తప్పిపోయాను. రికార్డు ప్రకారం చూస్తే, క్రిస్మస్‌కి తిరిగొచ్చిన మనిషి మళ్ళీ ఎప్పుడు వెళ్ళిందో తెలియకుండా జులైలో ఇంకోసారి దిగింది.

అమెరికా ప్రయాణానికి మాత్రం దిగుల్లేదు, వాళ్ళ ఐ-94 సైటులో పాస్‌పోర్టు వివరాలు కొడితే రాకపోకల చరిత్ర వస్తుంది, పాత నంబరుతో నాది వచ్చింది.

ఈ సమయంలో ఇక్కడ తెలిసినవాళ్ళని అడిగితే వచ్చిన సలహాలు వింటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకాయన, ఇక్కడికొచ్చి పదిహేనేళ్ళయిన పెద్దమనిషి, "పాతది ఉందని ఎందుకు చెప్పడం, కొత్తదొక్కటే పెట్టెయ్యమ్మా, ఎవడు చూస్తాడు" అన్నారు. ఎవరు చూస్తారా? కొత్తదాని చివరి పేజీలోనే పాతదాని నంబరు అచ్చేసి ఉంది! పైగా కొత్తది ఇచ్చింది 2021 డిసెంబరులో, నేను దిగింది 2018లో. మరి మూడేళ్ళు ఏ పాస్‌పోర్టు మీద ఉన్నావు అని చిన్నపిల్లాడైనా అడుగుతాడు. అబద్ధం చెప్పారని తేలితే మామూలుగా తిరస్కరించి ఊరుకోరు, మిస్‌రిప్రెజెంటేషన్ కింద ఐదేళ్ళ పాటు మళ్ళీ అప్లై చేయడానికి వీలుండదు. పాస్‌పోర్టు పోవడం నేరం కాదు, దాన్ని దాచిపెట్టడం నేరం. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినలేదు.

ఫారంలోనే దీనికి చోటుంది. ఆ ఐదేళ్ళలో మన దగ్గరున్న పాస్‌పోర్టులన్నీ, గడువు అయిపోయినవీ రద్దయినవీ కూడా, రాయాలి, వాటి వివరాల పేజీలు జత చేయాలి, ఏదైనా ఇవ్వలేకపోతే ఎందుకో చెప్పాలి. నా అదృష్టం, పీఆర్‌కి అప్లై చేసినప్పుడు తీసిన స్కాన్ ఈమెయిల్‌లో ఉంది, కాబట్టి మొదటి పేజీ, చివరి పేజీ దొరికాయి. 2018 తర్వాత పడిన ముద్రలే లేవు. ఒక పేజీ వివరణ రాశాను. పాస్‌పోర్టు రీఇష్యూ అయ్యాక పాతది రద్దయి నాకు తిరిగి ఇచ్చారు, తెనాలిలో మా పుట్టింట్లో వదిలి వచ్చాను, పాత కాగితాలతో పాటు పొరపాటున అమ్మేశారు, అందులోని ప్రయాణాలు ఇవి, వాటికి నా దగ్గరున్న ఆధారాలు ఇవి. కన్నీళ్ళు, క్షమాపణలు ఏమీ పెట్టలేదు. మొదటిసారి రాసినది మూడు పేజీలు వచ్చింది, సంక్రాంతి శుభ్రం గురించి కూడా రాసేశాను, మా ఆయన చదివి "ఇది ఉత్తరం కాదు కదా" అంటే కొట్టేశాను.

పోలీసు రిపోర్టు సంగతి అడుగుతారని నాన్నని స్టేషన్‌కి పంపాను. క్యాన్సిల్ అయినదానికి కంప్లైంట్ దేనికండీ అని వాళ్ళకి అర్థం కాలేదట, అది న్యాయమే. దాంతో స్టాంపు పేపరు మీద నోటరీ అఫిడవిట్ చేయించాం, నాన్న సంతకంతో. ముందు తెలుగులో రాయించారు, చక్కటి తెలుగు, "సదరు పాస్‌పోర్టును వినియోగములో లేని కాగితముగా భావించి" అని. కానీ ఇంగ్లీషులోనో ఫ్రెంచిలోనో లేని కాగితానికి అనువాదం, అనువాదం చేసినవాళ్ళ ధ్రువీకరణ అన్నీ పెట్టాలి. అదంతా ఎందుకని మళ్ళీ ఇంగ్లీషులో చేయించాం.

మిగిలింది ఆ ఒక్క ఫిబ్రవరి 18. దానికి ఎన్ని దొరికాయో తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. విమానం ఎక్కే ముందు బోర్డింగ్ పాస్ ఫొటో తీసి ఇంట్లోవాళ్ళ గ్రూపులో "ఎక్కేస్తున్నా" అని పెట్టాను, అది తేదీతో సహా ఉంది. ఆ రాత్రి నన్ను దింపడానికి వచ్చిన మా ఆయన పియర్సన్ పార్కింగ్‌కి కార్డు గీకారు, స్టేట్‌మెంటులో ఉంది. ఆఫీసులో హెచ్‌ఆర్‌ని అడిగితే 19 నుంచి సెలవు అని లెటర్ ఇచ్చారు. సెలవు అయిపోయాక జీతం లేని నెలల పే స్టబ్బులు ఉన్నాయి. కోటప్పకొండ ఫొటో మాత్రం జత చేయలేదు, చేద్దామని చాలా అనిపించింది కానీ, ప్రభ అంటే ఏమిటో వివరించడానికి ఇంకో పేజీ రాయాల్సి వచ్చేది.

ఇంకో మాట. అప్లికేషన్‌కి ముందు నాలుగేళ్ళలో వేరే దేశంలో ఏకబిగిన 183 రోజులు ఉంటే అక్కడి నుంచి పోలీస్ సర్టిఫికెట్ కావాలి. లాక్‌డౌన్‌లో ఇరుక్కుపోయిన మనవాళ్ళు చాలామంది ఈ గీత దాటేశారు. నాది 143తో ఆగింది.

ఇవన్నీ కూడగట్టుకుని కూడా నేను జూన్‌లో పెట్టలేదు. సరైన లెక్కతో జూన్ 24కే 1,095 నిండుతుంది, అయినా ఆగాను. తేదీ ఒకటి కాగితం మీద లేనప్పుడు, ఆఫీసరు నా 18ని నమ్మకుండా ఇంకో వారం వెనక్కి జరిపినా లెక్క నిలబడాలి కదా. 2022 సెప్టెంబరు 12న సంతకం పెట్టాను, అప్పటికి 1,175. ఎనభై రోజులు ఎక్కువ. పాస్‌పోర్టు పోయినవాళ్ళకి నేను ఇచ్చే సలహా ఏదైనా ఉంటే ఇదే, ఆధారాల కన్నా ముందు రోజులు పెంచుకోండి, ఓపిక పట్టడానికి ఫీజు లేదు.

ఏడెనిమిది నెలలు చప్పుడు లేదు. టెస్టు రాశాను, ఇరవై ప్రశ్నల్లో పదిహేను వస్తే చాలు, అది పెద్ద విషయం కాదు. తర్వాత వచ్చింది ఈమెయిల్: అన్ని పాస్‌పోర్టుల అన్ని పేజీలు, ఖాళీ పేజీలతో సహా, ప్రయాణాల ఆధారాలు, ఇంటి లీజు, టాక్సు కాగితాలు పంపండి అని. ఇక్కడి మనవాళ్ళ భాషలో దీన్ని ఆర్‌క్యూ (రెసిడెన్స్ క్వశ్చనైర్, అంటే ఇక్కడే ఉన్నట్టు ఆధారాలు అడిగే ప్రశ్నల పత్రం) వచ్చింది అంటారు, నాకు వచ్చింది దాని చిన్న తమ్ముడు, కాస్త తక్కువ అడిగేది. ఆ పేరు వింటేనే జనం భయపడతారు, ఫైలు మామూలు దారి తప్పి పక్కకి వెళ్తుంది కాబట్టి. పాస్‌పోర్టు ఉంటే ఇది వచ్చేది కాదా అంటే చెప్పలేను, అన్నీ ఉన్నవాళ్ళకీ వస్తుంది. నా దగ్గర అప్పటికే ఫైలు సిద్ధంగా ఉండటంతో వారంలో పంపేశాను.

ఇంటర్వ్యూ పది నిమిషాలు. ఆఫీసరమ్మ నా కొత్త పాస్‌పోర్టు తీసుకుని, ముందు పేజీ కాదు, నేరుగా చివరి పేజీ తిప్పింది. పాత నంబరు మీద పెన్ను పెట్టి, ఇది ఎక్కడ అంది. చెప్పాను. పాత పేపర్లు కొనుక్కునేవాళ్ళు ఇంటికి వస్తారా అని అడిగింది, నిజంగా తెలుసుకోవాలనే అడిగినట్టుంది. వస్తారు, కిలోల లెక్కన కొంటారు అన్నాను. తర్వాత 2020లో ఎప్పుడు వెళ్ళావు, ఎందుకు వెళ్ళావు, ఎందుకు అన్ని నెలలు ఉండిపోయావు అని వరసగా అడిగి, నేను చెప్పిన తేదీలు తన ముందున్న కాగితంతో చూసుకుని, టిక్కు పెట్టుకుంది.

ఇదంతా పాత, రద్దయిన పాస్‌పోర్టు పోతే. చేతిలో చెల్లుతున్న పాస్‌పోర్టు పోతే కథ వేరు. మా ఆఫీసులో ఒక తెలుగబ్బాయిది అప్లికేషన్ పెట్టాక, మధ్యలో, బస్సులో బ్యాగుతో సహా పోయింది. అతను చేసిన మంచి పని ఏంటంటే అదే రోజు పోలీసులకి రిపోర్టు ఇచ్చి నంబరు తీసుకోవడం, సిటిజన్‌షిప్ ఫైలుకి పోయిందని రాసి పంపడం. గుర్తింపుకి పీఆర్ కార్డూ డ్రైవింగ్ లైసెన్సూ ఉన్నాయి కాబట్టి ఫైలు ఆగలేదు. కానీ ఇండియన్ పాస్‌పోర్టు కొత్తది మళ్ళీ తీసుకోవాలా, ఎలాగూ సిటిజన్‌షిప్ వస్తుందిగా, ఎందుకు దండగ అని ఊగిసలాడాడు. నేను తీసుకోమన్నాను. మధ్యలో ఇంటి దగ్గర ఎవరికైనా బాగోకపోతే? పీఆర్ కార్డు చూపించి విమానం ఎక్కలేం కదా ఇండియాకి. పోయినదానికి బదులు ఇచ్చేటప్పుడు పోలీసు రిపోర్టు, అఫిడవిట్, మన ఊళ్ళో వెరిఫికేషన్ అంటూ మామూలు రీఇష్యూ కన్నా ఎక్కువ సమయం పడుతుంది, ఆ సమయం మొదలవ్వాలంటే అప్లై చేయాలి.

న్యూజెర్సీ అన్నయ్యకి ఈ గోలంతా చెప్తే, మాకు ఐదేళ్ళలో 913 రోజులు చాలమ్మా అని గొప్పలు పోయాడు. నిజమే, అక్కడ అడిగేది ముప్ఫై నెలలే, కానీ వాళ్ళూ ఇరవై నాలుగు గంటలు దాటిన ప్రతి ప్రయాణం రాయాల్సిందే. పాత పాస్‌పోర్టు ఎక్కడుందిరా అంటే అటకెక్కి వెతికి గంట తర్వాత ఫోన్ చేశాడు, ఉందట.

2023 నవంబరులో వీడియోలో ప్రమాణం. చేతిలో కత్తెర పట్టుకు కూర్చోమన్నారు, అందరం కెమెరా ముందు మా పీఆర్ కార్డులు కత్తిరించాం. ఆ క్షణంతో, 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం, మనం అడిగినా అడగకపోయినా ఇండియా పౌరసత్వం ఆగిపోతుంది. ఇక ఆ పాస్‌పోర్టు మీద ప్రయాణం చేయకూడదు, సరెండర్ చేయాలి, ఆ సర్టిఫికెట్ ఉంటేనే ఓసీఐకి, అంటే వేరే దేశం పౌరులైన మనవాళ్ళు వీసా లేకుండా ఇండియా వచ్చిపోవడానికి ఇచ్చే కార్డుకి, దారి. ఓసీఐ పథకం మొదలైంది మన హైదరాబాద్‌లోనే, 2006 జనవరిలో ప్రవాసీ భారతీయ దివస్ అక్కడ జరిగినప్పుడు. సరెండర్‌కి అసలు పాస్‌పోర్టు ఇవ్వాలి, అది కూడా పోయి ఉంటే మళ్ళీ పోలీసు రిపోర్టు, మళ్ళీ అఫిడవిట్. అందుకే ఆ ఏడాదిన్నర కొత్త పాస్‌పోర్టుని నేను బియ్యం డబ్బాలో బంగారంలా చూసుకున్నాను.

సరెండర్ సర్టిఫికెట్‌తో పాటు ఆ పాస్‌పోర్టు కూడా తిరిగొచ్చింది, ముద్ర కొట్టి, మూల కత్తిరించి. ఆ ఆదివారం నాన్నకి వీడియోలో చూపించాను. కళ్ళజోడు పైకి తోసుకుని, ఫోను దగ్గరగా పెట్టుకుని చూసి, "చూడమ్మా, దాన్ని మాత్రం ఇక్కడికి తీసుకురాకు" అన్నారు.